ఆ కాలంలో నువ్వెవరివి?

పాత రాతిగుడిలో గబ్బిలాల వాసన ఒకటుంటుంది. పుల్లగా, తడిగా, ముక్కులో చాలాసేపు నిలిచిపోయే వాసన. మొన్న నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మండపంలోకి అడుగు పెట్టగానే ఏ మూల నుంచో అది ఒక్కసారి తగిలింది. గుడి ఇప్పుడు శుభ్రంగా ఉంది. దీపాలు పెడుతున్నారు, జనం వస్తున్నారు. మా చిన్నప్పుడు పొలాల మధ్య పాడుపడి ఉండేది, గట్ల మీద నడిచి వెళ్లేవాళ్లం. ఆ వాసన తగలగానే అక్కడే ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాను. "ఏమైంది అత్తమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?" అని మా తమ్ముడి కూతురు నా చెయ్యి పట్టుకుంది. దానికి తొమ్మిదేళ్లు.

ఏం కాలేదు. మా సోషల్ సారు గుర్తొచ్చారు. ఆయన దశదిన కర్మకే హైదరాబాద్ నుంచి వచ్చాను. భోజనాలయ్యాక బస్సుకు ఇంకా చాలా టైముందని, పిల్లను వెంటబెట్టుకుని ఆటో ఎక్కి ఇటు వచ్చాను. నన్ను ఈ గుడికి మొదటిసారి తీసుకొచ్చింది ఆయనే.

సారుకు మెడ తిరిగేది కాదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవారు. బోర్డు మీద రాస్తూ మధ్యలో మమ్మల్ని చూడాలంటే చాక్‌పీసు పట్టుకున్న చేత్తో సహా ఒళ్లంతా ఇటు తిప్పాలి. ఆయనది మర్రిగూడ వైపు ఊరు. అక్కడి ఫ్లోరైడ్ బావినీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆయనెందుకలా తిరుగుతారో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మా ఊళ్లోనూ అలాంటి వాళ్లు ఇంటికొకరు ఉండేవాళ్లు.

*

తొమ్మిదో తరగతిలో మాకు సోషల్ పీరియడ్ సరిగ్గా తిండి తిన్నాక ఉండేది. రేకుల కప్పు, ఫ్యాన్ లేదు, పక్కనే కానుగ చెట్టు. నిద్ర ముంచుకొచ్చేది. అది కనిపెట్టి సారు "పుస్తకాలు మూయుర్రి" అనేవారు. నలభై పుస్తకాలు ఒక్కసారి మూసుకున్న చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. ఆ చప్పుడు వినపడిందంటే ఇక పాఠం లేదని, కథ ఉందని అర్థం.

ఒకరోజు అలా పుస్తకాలు మూయించి అడిగారు. "మీకు ఇష్టమొచ్చిన కాలంల పుట్టొచ్చని దేవుడు వరమిస్తే, ఏ కాలంల పుడ్తరు?"

ముందు లేచింది రైస్ మిల్లు హమాలీ కొడుకు. "కృష్ణదేవరాయల కాలం సార్. రత్నాలు రాశులు పోసి అమ్మిన్రంట గద."

"మంచిది. మరి ఆ అంగట్ల నువ్వెవలివిరా? అమ్మెటోనివా, కొనెటోనివా, మూట మోసెటోనివా?"

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. వాడు చాలాసేపు ఆలోచించాడు. "మూట మోసెటోన్నే గావొచ్చు సార్. అయినా మూటల రత్నాలే ఉంటయి గద, ఒక్కసారి చేతుల పట్టుకొని చూస్త" అన్నాడు. సారు వాడి దగ్గరికి నడిచి వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఎవరు లేచినా అదే ప్రశ్న. ఆ కాలంలో నువ్వెవరివి? అశోకుడి కాలమన్న వాణ్ణి కళింగ యుద్ధంలో ఏ పక్క ఉంటావని అడిగారు. నిజాం నవాబుల కాలమన్న పిల్లను, నవాబు ఇంట్లో పుడతావా, నవాబు ఇంట్లో గిన్నెలు తోమే ఇంట్లో పుడతావా అని అడిగారు. ఎవర్నీ తక్కువ చేసి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగేవారు. అందుకే మేం కూడా నిజంగానే ఆలోచించి చెప్పేవాళ్లం.

సాలోళ్ల పిల్లగాడొకడు బుద్ధుడి కాలం అన్నాడు. బిచ్చమెత్తుకొచ్చింది అందరూ కలిసి తింటారట కదా, అక్కడైతే ఎవ్వరూ పస్తులుండరని వాడి లెక్క. ఆ రోజు సారు ఇంటి గంట కొట్టేదాకా నాగార్జునకొండ గురించి చెప్పారు. మూడో శతాబ్దంలో అక్కడ విజయపురి అనే రాజధాని ఉండేదని, ఇక్ష్వాకు రాజులు యజ్ఞాలు చేస్తుంటే వాళ్లింటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలకు దానాలు ఇచ్చారని, శాంతిశ్రీ అనే రాజు చెల్లెలి పేరు శాసనాల్లో ఉందని. సాగర్ నీళ్లు వచ్చేముందు ఆ లోయంతా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి చేర్చారని, మిగతాదంతా నీళ్ల కిందికి పోయిందని.

నేను ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్లి నాయినకు చెప్పాను. నాయిన పెళ్లికి ముందు సాగర్ డ్యాం పనికి వెళ్లిన మనిషి. 1955 డిసెంబరులో నెహ్రూ పునాది రాయి వేశాక జిల్లాలో పని దొరకనివాళ్లంతా అటే నడిచారు. పాలమూరు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుడిసెలు వేసుకుని ఉన్నాయట. అంత ఎత్తు కట్టడం, నూట ఇరవై నాలుగు మీటర్లు, రాతితో కట్టింది. మనుషులు తలల మీద మోసి కట్టింది. నాయిన నేను చెప్పిందంతా విని, "పాత రాజ్యమొకటి ఆ నీళ్ల కింద ఉన్నదని మాకప్పుడు ఎరుకే లేదు బిడ్డా" అన్నాడు. కాసేపాగి, "నేను మోసిన రాళ్లు గూడ ఆ గోడల యాడనో ఒకకాడ ఉన్నయి. యాడున్నయో నాకే తెల్వది" అన్నాడు. ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజు, 1967లో, నాయిన కూడా చూడ్డానికి వెళ్లాడట. ఆ నీళ్లు మిర్యాలగూడ దిక్కు వెళ్లాయి. మా ఊరు ఎత్తు మీద ఉంది, మా దాకా రాలేదు.

*

నా వంతు వచ్చినప్పుడు నేను రుద్రమదేవి కాలం అన్నాను.

"నువ్వెవలివమ్మా ఆడ?"

"రుద్రమదేవిని సార్."

క్లాసంతా ఘొల్లుమంది. సారు నవ్వలేదు. "అయితే నీ సావు యాడ రాసున్నదో సూపిస్త, ఆదివారం తయారుగుండు" అన్నారు.

ఆయన అన్నమాట తప్పే మనిషి కాదు. ఆ ఆదివారం మేం పదకొండు మందిమి, నకిరేకల్ దాకా ఎర్రబస్సు, అక్కణ్ణుంచి చందుపట్లకు నడక. అమ్మ మూటకట్టిన తపాలచెక్క వేడి ఆరకముందే దారిలో తినేశాం. దారి పొడవునా తాటిచెట్లు, ముంజకాయలు తింటూ, ఆ బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసి దొర్లించుకుంటూ నడిచాం.

అక్కడ ఒక రాయి. అంతే. గుర్రం లేదు, కత్తి లేదు, కోట లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సారు సీసాలో నీళ్లు రాతి మీద పోసి అరచేత్తో రుద్దారు. ఎండిన రాయి మీద కనిపించని గీతలు తడవగానే నల్లగా తేలాయి. ఆయన నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద నడిపించారు. గుండ్రటి అక్షరాలు, లోపల ఇసుక గరగరలాడింది. శక సంవత్సరం 1211, మన లెక్కలో 1289 నవంబరు 27. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడి మీద యుద్ధానికి వచ్చి రాణి ఈ ప్రాంతంలోనే ప్రాణం విడిచిందని చరిత్రకారులు అనుకుంటున్నారని సారు చెప్పారు. ఈ రాయి దొరికేదాకా ఆమె ఎప్పుడు పోయిందో ఎవరికీ గట్టిగా తెలియదట.

"సూడు. అంత పెద్ద రాణి ఎట్ల పోయిందో మనకు చెప్పింది ఇంకో రాజు గాదు. పువ్వుల ముమ్మడి."

పువ్వుల ముమ్మడి. ఆ పేరు నాకెంత నచ్చిందంటే, తిరుగు ప్రయాణంలో దారి పొడవునా నోట్లో అనుకుంటూనే నడిచాను. నకిరేకల్ బస్టాండులో సారుతో చెప్పాను కూడా, నేను రుద్రమదేవిని కాను, ఈ ముమ్మడినని. సారు ఒళ్లంతా నా వైపు తిప్పి, "ముమ్మడి దగ్గర దానమియ్యనీకె భూమున్నది. మీకున్నదా?" అన్నారు. మాకు లేదు. ఆ మాట నన్ను నొప్పించలేదు. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

*

నిద్ర పట్టక నాయినమ్మ మంచం మీదికి చేరాను. వాకిట్లో నులకమంచం, పైన చుక్కలు, దూరంగా పశువుల మెడల్లో గంటలు. నాయినమ్మ వక్క నములుతూ ఉంది. అదే ప్రశ్న ఆమెనూ అడిగాను. ఏ కాలంలో పుడతావు నాయినమ్మా?

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "సంగం కాలం" అంది.

సంగం అంటే ఆంధ్ర మహాసభ. మా దిక్కున పాతవాళ్లంతా అలాగే అంటారు. నాయినమ్మ వాళ్ల అమ్మ దొర గడిలో వెట్టికి పోయేది. వడ్లు దంచాలి, నీళ్లు చేదాలి, కూలి లేదు. సంటిపిల్లను చెట్టుకింద పడుకోబెట్టి దంచుతుంటే, పిల్ల ఏడ్చినా రోకలి ఆగకూడదు. గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. నోరు తెరిస్తే "బాంచన్ దొరా, కాల్మొక్త" అనే తెరవాలి. 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు పడిపోయాక నల్లగొండ పల్లెలన్నీ రగిలాయి. మా నాయినమ్మకు అప్పుడు పదిహేనో పదహారో. వడిసెల తిప్పడం నేర్చుకుందట. ఆడవాళ్లు కొంగుల్లో కారప్పొడి కట్టుకుని తిరిగేవాళ్లట.

దొర పట్నం పారిపోయిన రాత్రి పాతర మూత తీశారు. ఏళ్లకేళ్లు నిలవున్న వడ్లు. లోపలి నుంచి వేడి ఆవిరి, ముక్కు మూసుకునేంత ముక్కిన వాసన వచ్చిందట. వెలుతురు కోసం తాటాకు కాగడాలు పట్టుకున్నారట. ఇంటికింత అని కొలిచి పోశారు. తెల్లారేదాకా వాడలో రోకళ్ల చప్పుడే. "గడిల దంచిన చెయ్యే, గా రాత్రి మా ఇంట్ల మా కోసం దంచింది. మా అమ్మ దంచుకుంట ఏడ్సింది, నవ్వింది." తెల్లవారుజామున వాడంతా ఒకేసారి అన్నం వండుకున్నారు. వాడంతా ఒకటే అన్నం వాసన.

అయితే అది ఎన్నాళ్లు? ఏడాది కూడా నిలవలేదు. రజాకార్లు వచ్చి గడ్డివాములు తగలబెట్టారు, ఇళ్లు తగలబెట్టారు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయింది. పోరాటం మాత్రం 1951 దాకా నడిచింది, అడవుల్లో. నాయినమ్మ తమ్ముడు దళంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఎక్కడ పోయాడో, ఎట్లా పోయాడో ఏ రాతి మీదా లేదు.

"మరి తమ్ముడు పోయిన కాలం గద నాయినమ్మా, గదే గావాల్నంటవేంది?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. వక్క నమలడం కూడా ఆపేసింది.

"గా రాత్రి నా తమ్ముడు నా పక్కల కూసోని అన్నం తిన్నడు బిడ్డా. రెండుసార్లు వెట్టించుకున్నడు."

ఆ తర్వాత ఆమె ఓటు గురించి కూడా చెప్పింది. మొదటి ఎన్నికల్లో పోటీలో ఉన్న ఒక్కో మనిషికి ఒక్కో డబ్బా పెట్టారట, చీటీ మనకు నచ్చిన డబ్బాలో వెయ్యాలి. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచింది ఆ ఎన్నికల్లోనే. నాయినమ్మకు ఆ సంగతి తెలియదు, నేనే తర్వాత చదువుకుని చెప్పాను. "మా చీటీలే గద" అంది.

ఆమె దగ్గర ఒక హాలీ సిక్కా ఉండేది. నిజాం కాలపు వెండి రూపాయి, ఒకవైపు చార్మినార్. అడవికి పోయే ముందు తమ్ముడు ఇచ్చిందట. ఏళ్లతరబడి కొంగు ముడిలో ఉండి ఉండి చార్మినార్ మీనార్లు అరిగిపోయాయి. హాలీ చెల్లదని సర్కారు చెప్పాక కూడా ఆమె దాన్ని మార్చలేదు. ఇప్పుడది నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి బొటనవేలితో రాస్తుంటాను. అంచు మీద గీతలింకా వేలికి తెలుస్తాయి.

*

నా దగ్గర పదో తరగతి గ్రూప్ ఫోటో ఉంది. మధ్యలో సారు. అందులో ఒక్కరు కూడా నోరు తెరిచి నవ్వలేదు. చూసినవాళ్లు ఆ కాలం పిల్లలు ఎంత బుద్ధిగా ఉన్నారో అంటారు. మాకు గారపళ్లు. పసుపు, గోధుమరంగు చారలు, కొందరికి అంచులు పెచ్చులూడిపోయి ఉండేవి. ఫోటో అనగానే పెదాలు బిగించడం మాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. హైదరాబాద్‌లో కాలేజీలో చేరాక నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. పెళ్లిచూపుల్లో కూడా అంతే. మా నాయినమ్మవి మాత్రం పోయేదాకా మల్లెమొగ్గల్లాంటి పళ్లు, ఆమె పుట్టింటి ఊళ్లో వాగు చెలిమె నీళ్లు తాగారట. మేం బోరింగు కొట్టుకుని తాగాం.

నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఎప్పుడో గుర్తించారు. నేను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు. పటిక, సున్నం కలిపి ఆ నీటిని తేర్చే పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టి పిలుస్తున్నారు, నల్లగొండ టెక్నిక్ అని. ఆ మాట పెద్దయ్యాక ఒక పుస్తకంలో చదివి ఆ రోజంతా మనసు మనసులో లేదు. మా పేరు అంత దూరం వెళ్లింది, మంచినీళ్లు మాత్రం మా వీధిలోకి రావడానికి అన్నేళ్లు పట్టింది.

సారును ఒకసారి మేమే అడిగాం. ఈ గుడికి తీసుకొచ్చినరోజే. లోపల ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఒక నీడ నిలబడి ఉంటుంది. ఎండ ఎటు తిరిగినా అది తిరగదు. ఏ స్తంభానిదో కనిపెట్టమని సారు మమ్మల్ని ఒక్కొక్కరినీ ఒక్కో స్తంభం ముందు నిలబెట్టారు. ఎవరం అడ్డం నిలబడినా నీడ పోలేదు. అది ఒక్క స్తంభం నీడ కాదని, బయటి నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురును ముందున్న స్తంభాలన్నీ కలిసి అడ్డుకుంటే పడే నీడని, ఇక్కడ ఏలిన కందూరు చోడుల కాలంలో, దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కింద ఎవరో ఆ లెక్క వేశారని చెప్పారు. అప్పుడే ఎవరో అడిగారు. "మీరు ఏ కాలంల పుడ్తరు సార్?"

సారు మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, ఉదయసముద్రం చెరువు కట్ట వైపు చెయ్యి చూపించారు.

"ఇది తవ్వేటప్పుడు."

"ఆడ మీరెవలు సార్? ఉదయచోడుడా?"

"తట్ట మోసెటోన్ని. ఈ మట్టిని ఎట్ల తొక్కి ఎట్ల గట్టివెట్టిన్రో దగ్గరుండి సూడాల్నున్నది. ఇన్నేండ్లు నిలవడ్డది. పని అయినంక, మొదటి వాన పడ్డంక, నీళ్లు ఎట్ల రంగుంటయో సూడాలె. దోసిట్ల వట్టుకొని తాగాలె."

నీళ్లు తాగాలని చెప్పేటప్పుడు ఆయన మెడ పైకెత్తబోయారు. ఎత్తలేకపోయారు. మేం చూడనట్టే ఉండిపోయాం.

*

మొన్న గుడి నుంచి పిల్లను తీసుకుని కట్ట ఎక్కాను. ఎండ తగ్గింది. చెరువు నిండుగా ఉంది. ఇప్పుడిందులోకి కృష్ణ నీళ్లు ఎత్తిపోస్తారు. సాగర్ నుంచి ఎత్తి, కాలువ మీద తెచ్చి ఇక్కడ నిలుపుతారు, నల్లగొండ పట్టణం తాగేది ఈ చెరువు నీళ్లే. కట్ట మీద కుర్రాళ్లు సెల్ఫీలు దిగుతున్నారు. గాలికి చిన్న అలలు రాతికట్టుకు తగిలి వెనక్కిపోతున్నాయి. సారు చూడాలనుకున్న రంగు ఇదేనా అని చాలాసేపు చూశాను. ఒడ్డు దగ్గర ఎర్రగా, లోపలికి పోయేకొద్దీ బూడిదరంగుగా ఉంది.

పిల్లకు సారు గురించి చెప్పాను. చందుపట్ల నడక, ముంజల బండ్లు, నులకమంచం, పుస్తకాలు ఒక్కసారి మూసుకునే చప్పుడు, అన్నీ చెప్పాను. నాయినమ్మ తమ్ముడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్న సంగతి దగ్గర నా గొంతు పట్టేసింది. అది నా కొంగు పట్టుకుని వింది. చివరికి నేనూ అడిగాను, నువ్వైతే ఏ కాలంలో పుడతావని.

"నీ చిన్నప్పుడు" అంది వెంటనే. "నీతోటి బస్సెక్కి ఆ రాయి కాడికి రావాలె."

"అక్కడ నువ్వెవరివి మరి?"

"నీ దోస్తుని."

నాకు చెప్పాలనిపించింది, ఆ కాలంలో నీ పళ్లు ఇలా ఉండవని. దాని మొహం చూసి ఆగిపోయాను. దానికి దాహమైంది. సంచిలోంచి ఇంటినుంచి తెచ్చుకున్న నల్లానీళ్ల సీసా తీసి గటగటా తాగింది, సగం గౌను మీద పోసుకుంది. నేను ఫోన్ తీసి ఫోటో తీస్తానన్నాను. అది నీళ్లోడుతున్న గడ్డంతోనే, పళ్లన్నీ కనపడేలా నోరంతా తెరిచి నవ్వింది. ఒకటి ఊడిపోయి ఉంది, కొత్తది సగం మొలిచి తెల్లగా ఉంది.

"అత్తమ్మా, నువ్వు గూడ రా" అని నన్ను లాగి ఫోన్ పక్కనున్న అబ్బాయికిచ్చింది. నా చెయ్యి అలవాటుగా నోటి దాకా వెళ్లింది. అది ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, వదలకుండా అలాగే పట్టుకుంది.